అడ్వాన్సు కట్టేముందు సిబిల్ చూసుకోండి

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మియాపూర్‌లో ఫ్లాటు చూస్తున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. బిల్డరుకి అడ్వాన్సు ఇచ్చేలోపే మీ ఇద్దరి సిబిల్ రిపోర్టులూ, అంటే అప్పులు ఎలా తీర్చారో చూపే చిట్టాలు, తెప్పించుకోండి. డబ్బు కట్టేశాక లోను రాదని తెలిసి బ్యాంకులో నా ఎదురుగా కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. మీకా కష్టం రాకూడదు.

అందులో ఇచ్చే స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. 750 దాటితే చాలా బ్యాంకులు సంతోషంగా ఇస్తాయి. తగ్గితే ఇచ్చినా వడ్డీ పెంచుతాయి. అర శాతమే కదా అనుకోకు. 50 లక్షలు 20 ఏళ్లకు తీసుకుంటే 8.5 శాతానికి నెల కిస్తీ సుమారు 43,400 రూపాయలు, 9 శాతానికి 45,000. గడువు తీరేసరికి తేడా దాదాపు 3.8 లక్షలు.

ఆఫీసరు అంకె చూసి ఆగడు, లోపలి పేజీలు తిరగేస్తాడు. గత 36 నెలల్లో ఏ నెల ఎన్ని రోజులు ఆలస్యంగా కట్టారో అక్కడ వరసగా ఉంటుంది. ఎప్పుడో ఒకసారి నాలుగు రోజులు ఆలస్యమైతే సర్దుకోవచ్చు. ఈమధ్యే వరసగా రెండు మూడు కిస్తీలు తప్పితే ఫైలు పక్కన పెడతారు. బ్యాంకుతో మాట్లాడుకుని కొంత తగ్గించి కట్టిన పాత కార్డు బాకీ ‘సెటిల్డ్’ అని కనిపిస్తుంది. అదింకా ప్రమాదం. అలాంటిదుంటే మిగతాది కట్టేసి, బాకీ ఏమీ లేదని నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, ‘క్లోజ్డ్’ అని మార్పించండి.

అల్లుడుగారు తమ్ముడి కారు లోనుకి హామీ సంతకం పెట్టారు కదా, అది ఆయన రిపోర్టులోనూ ఉంటుంది. కిస్తీలు సరిగ్గా వెళ్తున్నాయో లేదో తమ్ముణ్ణి అడగడానికి మొహమాటపడొద్దని చెప్పు. ఇద్దరూ కలిసి అప్లై చేస్తే నీ స్కోరు ఎంత బాగున్నా ఆయనదీ చూస్తారు. మన ఇళ్లలో మంచి సంబంధాలున్న చోటే ఈ మాట అడగరు, చివరికి ఇద్దరికీ ఇబ్బందే.

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ రిపోర్టులు తయారుచేసే నాలుగు సంస్థలూ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మనది మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. మీది కాని లోను కనిపించినా, తీరిన అప్పు ఇంకా తీరనట్టున్నా వెంటనే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన.

ఒకేసారి నాలుగైదు బ్యాంకుల్లో అప్లికేషన్లు పెట్టొద్దు, బ్యాంకు మీ రిపోర్టు తెప్పించుకున్న ప్రతిసారీ అది ఎంక్వయిరీగా రిపోర్టుకెక్కుతుంది. కార్డు లిమిట్‌లో మూడో వంతు దాటి వాడొద్దు. కొత్తింటికని ఫ్రిజ్జు, సోఫా ఇప్పుడే కిస్తీల మీద కొనకండి. ఉన్న కిస్తీలన్నీ జీతంలోంచి తీసేసి, మిగిలినదాన్నిబట్టే లోను ఎంతివ్వాలో లెక్కేస్తారు.

రిపోర్టులు రాగానే ప్రింటు తీయించుకుని ఒక ఆదివారం ఇద్దరూ ఇంటికి రండి. అర్థంకాని చోట్ల పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న