ఖాళీ సర్వర్ మీదే ప్యానెల్ ఎక్కించు కన్నా

ఒరేయ్ కన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "వీడు సొంతంగా సర్వర్ తీసుకుంటున్నాడటే చెల్లాయ్. కాకినాడలో పాతిక కొట్లకి వెబ్‌సైట్లు పెడతాడట, దాని మీద ఏదో ప్యానెల్ ఎక్కించాలట, సైట్లూ మెయిల్ ఐడీలూ బ్రౌజర్లోంచే చూసుకునే సాఫ్ట్‌వేర్‌ట. అప్పట్లో నువ్వు చేసిన పనే కదా" అన్నాడు. అన్నయ్య గొంతులో అంత గర్వం నీకు ఇంజినీరింగ్ సీటు వచ్చిన రోజున కూడా వినలేదు. నాకూ సంతోషంగానే ఉంది. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. లేచి లైటు వేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆసాంతం చదువు, సగంలో ఆపకు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కావాలో ప్యానెల్ వాళ్ళ పేజీలో వెర్షన్‌తో సహా రాసి ఉంటుంది. సరిగ్గా అదే వెయ్యి, కొత్తది వచ్చింది కదా అని వెయ్యకు. హోస్ట్‌నేమ్, అంటే సర్వర్‌కి నువ్వు పెట్టే పేరు, చుక్కలతో సహా పూర్తి పేరుగా ఉండాలి, అది ఏ కొట్టు వాళ్ళ డొమైనూ కాకూడదు. నాలుగు జీబీ ర్యామ్‌కి తగ్గకు. వైరస్‌లు వెతికే క్లామ్‌ఏవీ ఒక్కటే ఒక జీబీ పైన తినేస్తుంది. చిన్న సర్వర్‌లో మెమరీ చాలనప్పుడు లైనక్స్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపాలి, అది చాలాసార్లు డేటాబేసుల్ని నడిపే మైఎస్‌క్యూఎల్లే అవుతుంది. అప్పుడు సైట్లన్నీ ఒకేసారి పడిపోతాయి.

ఆపరేటింగ్ సిస్టమ్‌గా సెంటాస్ పేరు నీకు ఎవరైనా చెబితే పాతబడిందని తెలుసుకో. సెంటాస్ 8 ని 2029 దాకా చూసుకుంటామన్నారు. 2020 డిసెంబరులో ఉన్నట్టుండి, 2021 చివరితో సరి అని ప్రకటించారు. మొదటి మాట నమ్మి ఎక్కించిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ ఏడాదంతా ఒక్కో సర్వర్నీ దాని బదులు వచ్చిన ఆల్మా లైనక్స్‌కి మార్చుకోవడంతోనే సరిపోయింది. మీ మామయ్య ఆపరేషన్ జరిగిందీ ఆ ఏడే. ఆస్పత్రి వరండాలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని చేశాను.

ఏ ప్యానెల్ అనేది నీ ఇష్టం. సీప్యానెల్ 2019 నుంచి ఖాతాల లెక్కన డబ్బు తీసుకుంటోంది, పాతిక కొట్లకి నీకు గిట్టదేమో చూసుకో. హెస్టియా, వర్చువల్‌మిన్ ఉచితంగానే దొరుకుతాయి. ఏది వేసినా ప్యానెల్ పోర్టుని, అంటే దానిలోకి వెళ్ళే ద్వారాన్ని, లోకమంతటికీ తెరిచి పెట్టకు. 2024 అక్టోబరులో సైబర్‌ప్యానెల్‌లో లోపం బయటపడగానే హ్యాకర్లు వేల సర్వర్లలోకి దూరి, ఫైళ్ళన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి డబ్బు అడిగారు. కొట్లవాళ్ళకి కావలసింది మెయిల్ చూసుకోవడం, దానికి వెబ్‌మెయిల్ చాలు. ప్యానెల్ నీ ఐపీకి మాత్రమే కనబడాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

2008 మే నెల. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, రెండో అంతస్తులో చిన్న గది నాది. అమెరికాలో ఒక డెడికేటెడ్ సర్వర్ అద్దెకి తీసుకుని పదకొండు మందికి సైట్లు నడిపేదాన్ని. సైట్లని చూపించే అపాచీ, మైఎస్‌క్యూఎల్, మెయిల్ అన్నీ చేత్తో కట్టినవే. రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి "అమ్మా, కొత్త కుర్రాడొచ్చాడు, ఒక మెయిల్ ఐడీ చేసిపెట్టు" అనేవారు. ప్యానెల్ ఒకటి ఉంటే వాళ్ళే చేసుకుంటారు కదా అనిపించింది. సూచనల్లో మొదటి వాక్యమే, అప్పుడే ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన ఖాళీ మిషన్ మీద ఎక్కించమని. చదివాను. చదివి కూడా, చేత్తో ఇంత కట్టినదాన్ని, తేడా వస్తే సర్దుకోలేనా అనుకున్నాను.

శనివారం రాత్రి పదింటికి సైట్లన్నీ, డేటాబేసులన్నీ ఒక టార్ ఫైలుగా కట్టాను. దాన్ని ఎక్కడ పెట్టానో తెలుసా? అదే డిస్కులో, బ్యాకప్ అని ఫోల్డర్ చేసి అందులో. తర్వాత స్క్రిప్టు నడిపాను. తెర మీద వరసలు వరసలుగా జారుతున్నాయి, పాత అపాచీని తీసేసి కొత్తది సోర్సు నుంచి కంపైల్ చేసుకుంటోంది. నలభై నిమిషాలు గడిచాక కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది కాబట్టి కంప్యూటర్ ఆగలేదు. మోడెమ్ మాత్రం గోడ ప్లగ్గులో ఉంది. దాని మీద పచ్చ లైట్లు మూడూ ఒక్కసారే ఆరిపోవడం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. సర్వర్‌తో నన్ను కలిపే ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ తెగింది, దానితోపాటే ఇన్‌స్టాలరూ చచ్చిపోయింది. స్క్రీన్ అనే కమాండ్‌లో నడిపి ఉంటే నేను లేకపోయినా దాని పని అది చేసుకుపోయేది. ఆ కమాండ్ నాకు తెలుసు కూడా.

గంటన్నరకి కరెంటు వచ్చింది. పాత అపాచీ లేదు, కొత్తది సగమే ఉంది. మళ్ళీ నడిపితే ప్యాకేజీలు ఒకదానికొకటి పడక ఆగిపోతోంది. తీసేద్దామంటే తీసేసే దారి లేదు. ఇది ఇప్పటికీ గుర్తుపెట్టుకో, సీప్యానెల్ లాంటిది ఒకసారి ఎక్కితే వదిలించుకోవడానికి డిస్కు చెరిపి మొదటి నుంచి వేసుకోవాల్సిందే. తెల్లవారుజామున నాలుగింటికి డేటాసెంటర్‌కి టికెట్ పెట్టాను, సిస్టమ్ మళ్ళీ వెయ్యమని. డిస్కులో ఉన్నదంతా పోతుంది, సమ్మతమేనా అని ఒక గడి ఉంది. టిక్కు పెట్టాను. వాళ్ళ తప్పేం లేదు, అడిగినది అడిగినట్టు చేశారు. పని అయిపోయిందని మెయిల్ వచ్చాక, కొత్త సర్వర్లోకి వెళ్ళి బ్యాకప్ ఫోల్డర్ కోసం చూశాను.

ఏడు సైట్ల పాత కాపీలు నా కంప్యూటర్లో ఉన్నాయి, రెండు నెలల కిందటివి. మరో మూడు వాళ్ళవాళ్ళ దగ్గర ఉన్నాయి. మిగిలింది ఒకటి, అమలాపురం దగ్గర ఉండే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారిది. ఊడ్పుల పాటలు పోగుచేసేవారు. చుట్టుపక్కల ఊళ్ళకి సైకిల్ మీద వెళ్ళి, ముసలివాళ్ళ చేత పాడించుకుని, తెలుగు టైపింగ్‌కి వాడే లేఖినిలో తానే టైప్ చేసి పెట్టేవారు. నలభై దాటి పాటలున్నాయి అందులో.

ఆదివారం ఆయన ఫోన్ చేశారు. "మెయింటెనెన్స్ మాస్టారూ, రేపటికి వచ్చేస్తుంది" అన్నాను. సోమవారమూ అదే చెప్పాను. మంగళవారం ఇక మాట పెగలక నిజం చెప్పేశాను. ఆయన కాసేపు ఊరుకుని, "గూగుల్‌లో వెతికితే పక్కన క్యాష్డ్ అని పాత కాపీ వస్తుంది కదమ్మా, అందులో ఉంటాయేమో చూడు" అన్నారు. నాకంటే ముందు ఆయనకి తోచింది. చూస్తే పదిహేడు పాటలు దొరికాయి. మిగతా పేజీల్ని గూగుల్ అప్పటికే మళ్ళీ చూసి వెళ్ళిపోయింది, ఖాళీ సర్వర్ పేజీయే వాటి స్థానంలో ఉంది. ఆదివారమే చెప్పి ఉంటే ఇంకొన్ని దొరికేవి కన్నా. కొన్ని ఆయన నోటు పుస్తకాల్లో ఉన్నాయి. ఫోన్లో వింటూ నేరుగా టైప్ చేసినవి ఎక్కడా లేవు. అవి పాడిన ముసలమ్మ ఆ ఏడు సంక్రాంతికే పోయారట.

మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను.

అందుకే అడుగుతున్నాను. కొట్లవాళ్ళ పాత సైట్లు ఇప్పుడు ఎక్కడున్నాయి? అవి అక్కడే నడుస్తుండగా కొత్త సర్వర్ సిద్ధం చెయ్యి. బ్యాకప్ ఇంకో కంపెనీ డిస్కులో ఒకటి, మీ ఇంట్లో ఒకటి ఉండాలి. ఉన్నాయంటే నేను నమ్మను, అందులోంచి ఒక సైటు తీసి, తెరిచి చూపించు. శనివారం రాత్రి మొదలుపెడితే ఊరుకోను. కడుపునిండా తిని, నిద్రపోయి, పొద్దున్నే కూర్చో. ఏదైనా పడిపోతే ముందు ఆ కొట్టాయనకి ఫోన్ చెయ్యి, తర్వాత బాగుచెయ్యి. తిడితే పడు.

మెయిల్ సంగతి మర్చిపోయాను. చాలా క్లౌడ్ కంపెనీలు మెయిల్ బయటికి వెళ్ళే పోర్టు 25 మూసే ఇస్తాయి, డబ్బు కట్టక ముందే తెరుస్తారో లేదో అడుగు. ఐపీకి రివర్స్ డీఎన్ఎస్, అంటే ఆ నంబరు ఏ పేరుదో చెప్పే నమోదు, కూడా వాళ్ళే పెట్టాలి, నీ ప్యానెల్లో ఎంత వెతికినా ఆ పని అవ్వదు. అది లేకపోతే కొట్లవాళ్ళు పంపే బిల్లులు స్పామ్‌లోకి పోతాయి. ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్‌కి ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడతావు కదా, డొమైన్ నీ సర్వర్ వైపు తిరగక ముందే బటన్ నొక్కకు. ఒక పేరు మీద గంటలో ఐదుసార్లు తప్పితే ఆపేస్తారు, కంగారులో నొక్కుతూనే ఉంటావు నువ్వు. చిన్నప్పుడు లిఫ్ట్ బటన్ కూడా అలాగే నొక్కేవాడివి.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడదాం. స్క్రీన్ లాంటిదే అయిన టీమక్స్‌లో నడుపు, అదే సెషన్‌లోకి ఇక్కడి నుంచి నేనూ వచ్చి కూర్చుంటాను. రూట్ పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపావంటే చెవి మెలేస్తాను. పాస్‌వర్డ్ లేకుండా నేను లోపలికి రావడానికి నా పబ్లిక్ కీ విడిగా మెయిల్ చేస్తున్నాను, అది ఎక్కించు. మీ అమ్మని ఆ పూట వంట తొందరగా చెయ్యమను. రౌటర్ ఏ ప్లగ్గులో ఉందో సోమవారం రాత్రే ఫోటో తీసి పంపు.

నీ అత్తయ్య