పెళ్లికి దాచిన 4 లక్షలు ఎంబీఏ ఫీజుకు పెట్టాలా?

ప్రశ్న: మాది జనగామ. కిరాణా కొట్టు ఉంది, నెలకు 28 వేల దాకా మిగులుతుంది. అమ్మాయి ఈ ఏడు బీఏ హెచ్‌ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్) పూర్తిచేసింది. బీఏతో ఏమొస్తుంది, ఎంబీఏ చేయించమని మా బావమరిది పట్టుబడుతున్నాడు. హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ కోటా సీటు, రెండేళ్లకు 9 లక్షలు. పెళ్లికని దాచిన 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ (ఒకే రసీదు, వచ్చే నెల మెచ్యూరిటీ) తీసి, మిగతాది లోను పెడదామంటున్నాడు. అమ్మాయేమో హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్‌కు (ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు) చదువుతానంటోంది. కొట్టు లెక్కల పుస్తకం ఫొటో కూడా పంపుతున్నా, అరువు పద్దులన్నీ అమ్మాయే రాస్తుంది. ఏం చేయమంటారు?

జవాబు: ఉన్నదున్నట్టు చెప్పాలంటే రెండూ వద్దు.

ముందు ఎంబీఏ. 5 లక్షల లోను ఏడాదికి సగం చొప్పున తీసుకుని, చదువయ్యాక ఏడాది ఆగి కట్టడం మొదలుపెడతారనుకుందాం. 10.5 శాతం వడ్డీ అయితే అప్పటికి అసలు మీద 1.31 లక్షలు పేరుకుంటుంది. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు 10,600 పైచిలుకు కిస్తీ. అమ్మాయికి మొదటి జీతం 22 వేలు వచ్చిందనుకోండి. హాస్టల్‌కు 8 వేలు పోతే చేతిలో మిగిలేది 3,400. బస్సు పాసు, ఫోను, జ్వరమొస్తే మందులు అన్నీ అందులోనే. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని కన్వీనర్ కోటాలో యూనివర్సిటీ కాలేజీ సీటు కొడితే అది వేరే మాట. సగం కిస్తీ తాను కడతారేమో మీ బావమరిదిగారిని ఒకసారి అడిగి చూడండి, పట్టు కాస్త సడలుతుంది.

గ్రూప్స్ విషయంలో నా భయం ఫీజు గురించి కాదు, ఏళ్ల గురించి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. పేపరు లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ రాస్తే సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. నా దగ్గరికొచ్చే ఒకాయన కొడుకు ఈ మూడూ రాశాడు. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి, కుర్చీలో నోట్‌బుక్ పెట్టి, అప్పుడు టిఫిన్‌కు పోయేవాడు. హాస్టల్, స్టడీ హాల్, టెస్ట్ సిరీస్ అన్నీ కలిపి నెలకు 11,500 అయిందని వాళ్ల నాన్న డైరీలో రాసుకున్నారు. ఆ ముప్పై నెలలకు 3.45 లక్షలు. కోచింగ్ ఫీజు అందులో లేదు. పిల్లాడి తప్పేమీ లేదు, కానీ డబ్బు మాత్రం అయిపోయింది.

ఇలాంటప్పుడు చాలామంది బీఈడీ వైపు చూస్తారు. మంచి చదువే, కానీ ప్రభుత్వ టీచర్ల నియామకానికి జరిగే డీఎస్సీలో పోస్టులు విడదీసి చూడండి. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే 6,508 ఎస్జీటీలే (సెకండరీ గ్రేడ్ టీచర్లు). ప్రాథమిక తరగతులు చెప్పే ఆ పోస్టులకు బీఈడీ పనికిరాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది, డీఈడీ ఉండాలి. స్కూల్ అసిస్టెంట్లు అన్ని సబ్జెక్టులూ కలిపి 2,629. మీ అమ్మాయి పోటీపడేది అందులో సోషల్ వాటాకు. పాఠం చెప్పడమంటే ఇష్టమైతేనే వెళ్లమనండి, ఇంకేదీ దొరకలేదని వెళ్లొద్దు.

మీరు పంపిన కొట్టు లెక్కల పుస్తకం ఫొటో పెద్దది చేసి చూశాను. అరువు పద్దులన్నీ అమ్మాయి దస్తూరీ అన్నారు. ప్రతి పేరు ఎదురుగా ఎంత, ఎప్పుడు ఇస్తానన్నారు, ఎవరి ముందు అన్నారు కూడా రాసింది! సాక్షితో సహా రాసిన ఆ పేజీ చూశాకే నాకు లా ఆలోచన వచ్చింది.

బీఏ మీద మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయొచ్చు, దారి లాసెట్ అనే ప్రవేశ పరీక్ష. కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ హనుమకొండలోనే ఉంది. జనగామ నుంచి కాజీపేటకు రైలు పాసుతో రోజూ వెళ్లి రావచ్చు, హాస్టల్ ఖర్చు తప్పుతుంది. ఫీజు, పాసు, పుస్తకాలు అన్నీ కలిపి మూడేళ్లకు 1.5 లక్షలు దాటదని నా అంచనా. రాజ్యాంగం ఎలాగూ గ్రూప్స్ సిలబస్‌లో ఉన్నదే కాబట్టి, ఇంట్లో ఉండే ఆ పరీక్షలూ రాసుకోవచ్చు. అయితే ఎల్‌ఎల్‌బీ చేతికొచ్చే రోజు వరకే, ఆ తర్వాత గ్రూప్స్ పుస్తకాలు అటక మీదికి. ఈ గడువు ఇప్పుడే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

లాయరు కాగానే డబ్బులొస్తాయని మాత్రం అనుకోవద్దు. సీనియర్ దగ్గర మొదటి రెండు మూడేళ్లు దారి ఖర్చులు వస్తే గొప్ప. లాయరుగా బార్ కౌన్సిల్‌లో పేరు నమోదుకు కట్టే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు మించకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది, అదొక్కటే ఊరట. జూనియర్ సివిల్ జడ్జి, ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్), బ్యాంకుల్లో లా ఆఫీసర్ పరీక్షలు మూడేళ్ల ప్రాక్టీసు నిండేసరికి తెరుచుకుంటాయి. ఈలోగా లెక్కలంటే భయం లేకపోతే బ్యాంకు ఆఫీసరు ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ పీవో పరీక్ష కూడా రాయమనండి. ఏ డిగ్రీ అయినా సరే, 20 నుంచి 30 ఏళ్ల మధ్య ఉంటే చాలు.

ఇక ఆ 4 లక్షలు. ఒకే రసీదుగా ఉన్నాయన్నారు, అదే చిక్కు. 30 వేలు కావాలన్నా మామూలుగా మొత్తం విరగ్గొట్టాలి, వడ్డీలో కోత పడుతుంది. వచ్చే నెల మెచ్యూరిటీ అంటున్నారు కాబట్టి ఐదు ముక్కలు చేయండి. మూడేళ్ల చదువుకు 50 వేలవి మూడు, ఒకటి ఏడాదికి, ఒకటి రెండేళ్లకు, మొదటిది సేవింగ్స్‌లోనే. లక్ష ఎవరికోసమూ కదపొద్దు, కొట్టు నాలుగు నెలలు మూతపడితే ఇల్లు గడవడానికి. మిగిలిన 1.5 లక్షలు పెళ్లి పేరు మీదే ఉండనివ్వండి. బ్యాంకు వాళ్లు పాత రసీదును తమంతట తాము రెన్యూవల్ చేసేస్తుంటారు. ఈ వారమే వెళ్లి, వద్దని కాగితం రాసిచ్చి, ముద్ర వేయించుకుని రండి.