జబ్బకే వేయించుకో

చిన్నీ,

డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. మన ఇంట్లో రెండో నర్సమ్మవి! వీధంతా చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మెత్తటి చెప్పులు కొనుక్కో. టిఫిన్ తినకుండా డ్యూటీకి పోకు. నా బెంగంతా హెపటైటిస్-బి టీకా గురించి, రక్తం ద్వారా అంటుకునే ఆ కాలేయ జబ్బుకి వేసేది.

1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు ఆ టీకా తెచ్చాక ధర దిగింది. మరుసటేడు నేనూ వేయించుకున్నాను. అప్పుడు తొంభై నాలుగు కేజీలు. జాకెట్టు చెయ్యి బిగుతు, పైకి పోదు. అందరిముందూ అవస్థపడలేక, "నడుముకి పొడిచెయ్యవే" అన్నాను తోటి సిస్టర్‌తో. మూడు డోసులూ అలాగే. మామూలు సూది అక్కడ కొవ్వులోనే ఆగిపోతుంది, కండ దాకా పోదు. నర్సునై ఉండి ఆ మాట నేనే మరిచాను. కార్డు మీద మూడు టిక్కులు చూసుకుని బీరువాలో దాచాను.

2004లో సూదికి మూత పెడుతుంటే వేలికి గుచ్చుకుంది. పేషెంట్‌కి హెపటైటిస్-బి ఉంది. నా టైటర్, అంటే రక్తంలో ఆ జబ్బుని అడ్డుకునే యాంటీబాడీల లెక్క, చూస్తే ఉండాల్సిన పది కూడా లేదు! ఆ రోజే ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) వేశారు, మళ్లీ మూడు డోసులు మొదలుపెట్టారు, ఈసారి జబ్బకి. ఆరు నెలల తర్వాత రిపోర్టు నెగెటివ్ అని వచ్చేదాకా నా కంచం విడిగా పెట్టుకున్నాను. రెండేళ్ల పిల్లవి, ఎత్తుకోమని చేతులు చాపితే వంటింట్లోకి పోయేదాన్ని. ఎత్తుకుంటే అంటదని తెలుసు. అయినా.

కోపం తెచ్చుకోకు, ఒళ్లు విషయంలో నువ్వు నా పోలికే. తప్పంతా సూదిదీ కాదు. లావుగా ఉన్నవాళ్లలో యాంటీబాడీలు తక్కువ వస్తున్నాయని 1985లోనే అమెరికాలో ఆసుపత్రి సిబ్బందిని పరీక్షించి చెప్పారు. కొవ్వు పేరుకున్న ఒంట్లో పైకి కనపడని సన్నటి వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఎప్పుడూ ఉంటుంది, రక్షణ కణాలు చురుగ్గా కదలవు. ఫ్లూ టీకాకైతే మొదట యాంటీబాడీలు బాగానే వస్తాయి, ఏడాది తిరిగేసరికి ఎక్కువగా పడిపోతాయి. అలాగని "లావు వాళ్లకి టీకా దండగ" అనే మాట నా దగ్గర అనకు, చెంప పగులుతుంది. తగ్గాక వేయించుకుంటానని వాయిదా వెయ్యకు కూడా.

జబ్బకే వేయించుకో. తొంభై కేజీలు దాటిన ఆడవాళ్లకి అంగుళంన్నర సూది కావాలి, నోరు తెరిచి అడుగు. మూడో డోసు అయిన నెలా రెండు నెలల్లో టైటర్ చూపించుకో. పది లోపుంటే మళ్లీ మొత్తం కోర్సు.

టైలర్‌కి చెప్పాను, చేతులు వదులుగా రెండు టాపులు కుడతాడు. కొలతలు పంపు, తగ్గించి రాయకు.

మీ పెద్దమ్మ