సాలెగూటిలో ఇంటూ గుర్తు

ప్రశ్న: కడియంలో ఒక నర్సరీలో పనిచేస్తాను. క్రోటన్ కుండీల వరుసల మధ్య ఒక సాలీడు గూడు కట్టింది. ఒంటి మీద పసుపు, గోధుమరంగు పట్టీలు. గూటి మధ్యలో తెల్లదారంతో ఇంటూ గుర్తు కుట్టినట్టుంది. దగ్గరికెళ్తే గూడంతా ఊపేస్తోంది. మొన్న మాతో పనిచేసే అక్కకి మెడ మీద మంటపెట్టి పొక్కులు లేచాయి. సాలీడు పాకిందంటున్నారు. మేస్త్రి మందు కొట్టేస్తానంటున్నాడు. ఇది విషపు సాలీడా సార్?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మేస్త్రిగారిని ఆగమనండి. మీరు చెప్పిన గుర్తులన్నీ సిగ్నేచర్ స్పైడర్‌వి. ఆర్జియోప్ అనే జాతి. వంకర్లు వంకర్లుగా నేసిన ఆ తెల్ల పట్టీలే దాని సంతకం. తల కిందికి పెట్టి, కాళ్లను రెండేసి జతచేసి ఆ ఇంటూ మీదే చాపుతుంది. అందుకే నాలుగే కాళ్లున్నట్టు కనిపిస్తుంది. మీరు చూసింది ఆడది. మగది మరీ చిన్నది, గూటి అంచున వెతికితేగానీ కనబడదు. ఆ పట్టీలు పురుగుల్ని రప్పించడానికా, పిట్టలు గూటిని చూసి తప్పుకోవడానికా అన్న వాదన శాస్త్రవేత్తల మధ్య ఇంకా తేలలేదు.

నేను జువాలజీ చెప్పే రోజుల్లో మా ల్యాబ్ కిటికీ పక్క మందారానికి ఒకటి ఉండేది. మిడత పడగానే పరుగున వచ్చి పట్టుదారంతో పొట్లం కట్టేసేది. పిల్లలు పాఠం వదిలి అదే చూస్తుంటే నేను ఏమీ అనేవాణ్ని కాదు.

గూడు ఊపేది బెదిరిపోయి. ఇంకా దగ్గరికెళ్తే కిందికి జారిపోతుంది, మీదికి రాదు. చేత్తో నొక్కితే కరవచ్చు గానీ దాని విషం మనిషికి ప్రమాదం కాదు.

సాలీడు పాకితే పొక్కులు రావు. నాకు అనుమానం రోవ్ బీటిల్ అనే పురుగు మీద. చీమంత సన్నగా, నారింజ, నలుపు రంగుల్లో ఉంటుంది. వానాకాలం రాత్రుళ్లు లైట్ల చుట్టూ చేరుతుంది. అది కరవదు. మెడ మీద వాలితే మనమే నలిపేస్తాం. అప్పుడు దాని ఒంట్లోని పెడెరిన్ అనే విషం చర్మాన్ని కాలుస్తుంది. మర్నాటికి గీత గీసినట్టు ఎర్రబడి పొక్కులొస్తాయి. వాలితే ఊదేయండి, నలిగితే వెంటనే సబ్బుతో కడగండి. అక్కకి మాత్రం పొక్కులు ఒకవైపే గుంపుగా ఉండి లోపల నొప్పి ఉంటే అది సర్పి కావచ్చు. మూడు రోజుల్లోపు మందు మొదలైతే బాగా పనిచేస్తుంది కాబట్టి ఈ జవాబు చూసేదాకా ఆగకుండా డాక్టరుకి చూపించే ఉంటారని ఆశ.

కుండీలు జరపాల్సొస్తే సాలీడుని ఒక పుల్ల మీదికి ఎక్కించి పక్క మొక్క మీద వదలండి. మళ్లీ గూడు అల్లుకుంటుంది.