హాస్టల్ నోటీసు రాసే ముందు

పర్లాకిమిడి,
ఆదివారం

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు గుణుపూర్ హాస్టల్ నుంచి పంపిన ఫొటో చూశాను. వంటగది తలుపు మీద "ఎనీవన్ షుడ్ నాట్ ఎంటర్ ది కిచెన్" అని నోటీసు అంటించావు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి కానీ వాక్యం కుదరలేదు తల్లీ. ఫోన్లో చెబితే మర్చిపోతావు, కాగితమైతే దాచుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

నీ మనసులో ఏముందో నాకు తెలుసు. "ఎవరూ వంటగదిలోకి రాకూడదు" అనుకున్నావు. ఎవరూ అంటే ఎనీవన్, కూడదు అంటే షుడ్ నాట్ అని ముక్కకు ముక్క అతికించావు. తెలుగులో "ఎవరూ" అన్నాక చివర లేదనో, కూడదనో, రారనో అని తీరాలి. ఒడియాలోనూ అంతే, "కేహి నాహాంతి" అంటాం కదా. 1936లో మన ఊరు ఒడిశాలో కలిసిన దగ్గర్నుంచి ఇక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. ఆ రెండూ మనకు ఒకే అలవాటు చేశాయి. ఇంగ్లీషులో కాదనడం ఒక్కసారే. అదీ ముందే, మనిషిని చెప్పే మాటలోనే అనెయ్యాలి: "నో వన్ షుడ్ ఎంటర్ ది కిచెన్." నో వన్ అన్నాక మళ్ళీ షుడ్ పక్కన నాట్ పెట్టావనుకో, లేదూ లేదూ కొట్టేసుకుని అందరూ రావాలన్నట్టు తేలుతుంది.

ఎనీవన్‌ని వాడొద్దనడం లేదు. నాట్ ముందు వచ్చేస్తే దాని వెనక ఎనీవన్ చక్కగా ఇముడుతుంది: "డు నాట్ లెట్ ఎనీవన్ ఇన్." వాక్యం మొదట్లో ఉంటే మాత్రం దానికి "ఎవరైనా సరే" అనే అర్థం: "ఎనీవన్ కెన్ యూజ్ ది రీడింగ్ రూమ్." అంటే ఎవరైనా వాడుకోవచ్చు.

అసలు జాగ్రత్త పడాల్సింది అందరూ అనే మాట దగ్గర. నేను టీచరుగా చేరిన రెండో ఏడు బోర్డు మీద "ఆల్ స్టూడెంట్స్ నీడ్ నాట్ కమ్ ఆన్ సాటర్డే" అని రాశాను. అందరూ రానక్కర్లేదు, పాటల పిల్లలు వస్తే చాలని నా ఉద్దేశం. చదివినవాళ్ళకు ఎవరూ రానక్కర్లేదని అర్థమైంది. శనివారం ఒకే ఒక్క పిల్ల వచ్చింది. ముందురోజు నేను నోటితో తెలుగులో చెబుతుంటే విన్నది అదొక్కతే. మహేంద్రతనయ అవతల నుంచి నడిచొచ్చింది, కాళ్ళకు ఇసుక ఇంకా తడిగానే ఉంది. హార్మోనియం పెట్టె మీద చెయ్యి వేసుకుని పన్నెండు దాకా కూర్చుంది. "మిగతావాళ్ళు రారా టీచర్?" అని మూడుసార్లు అడిగింది. ఆ గొంతు నాకింకా వినిపిస్తుంది.

"అందరూ పాడలేరు" అని మనం అంటే ఆ అనే తీరులోనే కొందరు పాడగలరని తెలిసిపోతుంది. కాగితానికి గొంతు లేదు కదా. అందుకే నాట్‌ని ముందుకు లాగు: "నాట్ ఎవ్రీవన్ కెన్ సింగ్." అసలు ఒక్కరూ పాడలేరంటే "నో వన్ కెన్ సింగ్." ఎవ్రీవన్ మొదట పెట్టి వెనకాల కెనాట్ తగిలించే వాక్యం నోటీసులో ఎప్పుడూ రాయకు. చదివేవాళ్ళు ఏది అనుకుంటారో నీ చేతిలో ఉండదు.

కెన్, మే, మస్ట్ తర్వాత ఎస్ పెట్టాలా అని అడిగావు. వద్దు. "ఎవ్రీవన్ నోస్" అంటాం గానీ "ఎవ్రీవన్ మస్ట్ నో" అంటాం. నేను రావాలి, నువ్వు రావాలి, అందరూ రావాలి. మన "ఆలి" ఎవరి కోసమూ మారదు చూడు, మస్ట్ కూడా అంతే. మన ఊళ్ళో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల మాట చెవితో విని, వాళ్ళు పలికేదాంట్లోంచే వ్యాకరణం తీసి 1931లో ఇంగ్లీషులో పుస్తకంగా అచ్చు వేయించారు. నువ్వూ ముందు నీ నోట్లో మాట ఎలా నడుస్తోందో విను. ఎక్కడ ఇంగ్లీషుతో కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో నీకే తెలుస్తుంది.

కూడదుకీ అక్కర్లేదుకీ తేడా నీకు చెప్పక్కర్లేదు, కానీ మందుల పెట్టె దగ్గర రెండుసార్లు చూసుకో. "నో వన్ షుడ్ టేక్ టాబ్లెట్స్ వితౌట్ ఆస్కింగ్" అనే ఉండాలి. అక్కడ షుడ్ బదులు నీడ్ పడితే అడక్కుండా వేసుకోనక్కర్లేదని అవుతుంది. అది హెచ్చరికే కాదు.

ఇంకొకటి, ఇది నీ ఉద్యోగానికి చాలా ముఖ్యం. ఏదైనా వస్తువు పోయినప్పుడు రిజిస్టర్‌లో "సమ్‌వన్ మస్ట్ హావ్ టేకెన్ ఇట్" అని రాయకు. అంటే ఎవరో తీసే ఉంటారని. నీ కళ్ళతో చూడలేదు, సాక్ష్యం లేదు. "సమ్‌వన్ మైట్ హావ్ టేకెన్ ఇట్" అని రాయి, తీసి ఉండొచ్చని. "తీసే ఉంటారు" అని పైవాళ్ళు చదివితే వెంటనే పిల్లల పెట్టెలు తెరిపిస్తారు. ఆ వయసులో పదిమంది ముందు పెట్టె తెరిపిస్తే ఆ పిల్ల దాన్ని మర్చిపోదమ్మా.

కొత్త నోటీసు ఇలా రాయి: "నో వన్ షుడ్ ఎంటర్ ది కిచెన్. ఇఫ్ ఎనీవన్ నీడ్స్ హాట్ వాటర్, దే కెన్ ఆస్క్ ది కుక్." ఎనీవన్ ఏకవచనం కదా, దే ఏమిటని ఎవరైనా తప్పు పడితే కంగారు పడకు. ఇంగ్లీషు వాళ్ళు 14వ శతాబ్దం నుంచీ ఇలా వాడుతున్నారు. కింద ఒడియాలో, తెలుగులో కూడా రాయి. సవర పిల్లల కోసం వాళ్ళలోనే ఒక పెద్దపిల్ల చేత బిగ్గరగా చెప్పించు.

పాత కాగితం చింపాక ఫొటో పంపు. అమ్మ నీకు సున్నుండలు చేసింది, ఈసారి వచ్చినప్పుడు తీసుకెళ్దువుగాని.

నీ పెద్దమ్మ