కేబుల్ టెస్టింగ్ ఉద్యోగమా, డేటా సైన్స్ కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ ట్రిపుల్ ఈ పూర్తి చేసింది. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాలేదు. భూమిలో వేసిన కరెంటు కేబుళ్లు పాడవుతున్నాయేమో పరీక్షించే కంపెనీ ఒకటి ఆఫర్ ఇచ్చింది. పవర్ ప్లాంట్లకు, అణువిద్యుత్ కేంద్రాలకు కూడా వెళ్లాలట. ఆడపిల్ల కదా, రేడియేషన్ అంటే భయంగా ఉంది. నేను అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సుకు అడ్వాన్స్ కట్టేశాను. తనేమో ఆ కోర్సు వద్దంటోంది. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది. ఈ కోర్సు, ఆ ఉద్యోగం, గేట్ రాసి అణువిద్యుత్ కేంద్రాలు నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్‌కు వెళ్లడం... మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి.
ఓ తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రేడియేషన్ గురించి మీరు రాసింది ఒక్క వాక్యం. మీ తోడల్లుడి కొడుకు గచ్చిబౌలిలో ఎంత సంపాదిస్తున్నాడు, రేపు సంబంధాలు చూసేటప్పుడు ‘కేబుళ్ల కంపెనీ’ అని ఎలా చెప్పుకోవాలి అన్నది పేజీకి పైగా ఉంది. స్థలం చాలక ఆ భాగం పైన వేయలేదు. నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు చాలామంది జీతం గురించో భద్రత గురించో అడుగుతారు. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడిస్తే అసలు టెన్షన్ బయటికొస్తుంది: ‘అందరి పిల్లలూ ముందుకెళ్లి, మావాళ్లు వెనకబడిపోతారేమో’ అని. ఆ టెన్షన్ నాకు తెలుసు. దాని గురించే రాస్తాను. ముందు మాత్రం ఆ ఒక్క వాక్యం సంగతి.

అణువిద్యుత్ కేంద్రమంటే రియాక్టర్ ఒక్కటే ఉండదు. నీళ్లు తోడే పంపుహౌస్, స్విచ్‌యార్డు, డీజిల్ జనరేటర్లు చాలా దూరం పరుచుకుని ఉంటాయి. వాటిని కలుపుతూ నేలలో, ట్రెంచిల్లో, పైపుల్లో కేబుళ్లు పోతాయి. మన దేశంలో పెద్ద పంపులకు వెళ్లేవి సాధారణంగా 6.6 కేవీవి, అంటే 6,600 వోల్టులవి. మీ అమ్మాయికి పని పడేది ఎక్కువగా వీటితోనే, ఇవి చాలావరకు రియాక్టర్ బిల్డింగ్ బయటే ఉంటాయి. రేడియేషన్ ఉండే చోటికి వెళ్లాల్సి వస్తే ఒంటి మీద టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకోవాల్సిందే, ఎంత సోకిందో దాంతో లెక్క కడతారు. అణుశక్తి నియంత్రణ మండలి అక్కడ పనిచేసేవాళ్లకు పెట్టిన హద్దు ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి సోకిన రేడియేషన్‌ను కొలిచే యూనిట్ ఇది), ఐదేళ్లు కలిపి 100. మనం ఏ ప్లాంటు గడపా తొక్కకపోయినా నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు ఒంట్లోకి చేరుతూనే ఉంటాయి. ‘ఆడపిల్ల’ అన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి: గర్భం వచ్చిందని తెలియజేశాక, ఆ మిగతా నెలల్లో కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ మించకూడదన్నది నియమం.

ఈ పనిలో నిజంగా భయపడాల్సింది కరెంటుకు. పొడవైన కేబుల్ టెస్ట్ అయ్యాక కూడా కొంతసేపు ఛార్జ్ పట్టి ఉంచుకుంటుంది. ఎర్త్ చేయకుండా చెయ్యి వేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఆ ఛార్జ్‌ను నేలలోకి వదిలించే డిశ్చార్జ్ రాడ్ వాడటం అమ్మాయికి ఎవరు నేర్పుతారు, ఎన్నాళ్లు సీనియర్ పక్కన నిలబెడతారు? తండ్రిగా మీరు అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇక ‘కేబుళ్ల కంపెనీ’ అని మీరు చిన్నచూపు చూస్తున్న పని గురించి. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రంలో టర్బైన్ రెక్కలు విరిగి, హైడ్రోజన్ లీకై అంటుకుంది. ఆ మంట కేబుళ్లకు పాకింది. మొదటి యూనిట్ దాదాపు 17 గంటలు కరెంటే లేకుండా ఉండిపోయింది. రియాక్టర్ ఆగినా అందులో వేడి పుడుతూనే ఉంటుంది కదా. డీజిల్‌తో నడిచే ఫైర్ పంపులు పెట్టి నీళ్లు పంపి గట్టెక్కించారు. అక్కడ కేబుళ్లు పోయింది మంటకే గానీ పాతబడి కాదు. అయినా కేబుల్ పోతే ప్లాంటుకు ఏమవుతుందో ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది.

నేలలో ఉన్న కేబుళ్ల బాధ వేరు. వాటిని తినేది నీళ్లు. అమెరికాలో అణు నియంత్రణ సంస్థ 2007లో అన్ని కేంద్రాలనూ కేబుళ్ల లెక్క అడిగితే 269 ఫెయిల్యూర్లు బయటపడ్డాయి. 40 ఏళ్లు ఉంటాయనుకున్నవి చాలావరకు 20, 30 ఏళ్ల మధ్యే పోయాయి. మన తారాపూర్ అణువిద్యుత్ కేంద్రం 1969లోనే కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. దేశం 2047కల్లా 100 గిగావాట్ల అణువిద్యుత్ లక్ష్యం పెట్టుకుంది. అంటే పాత కేబుళ్లు ముసలివవుతాయి, కొత్తవి పడతాయి, రెంటికీ పరీక్షించే మనిషి కావాలి.

ఈ రంగంలో ఉన్న నా పాత స్టూడెంట్ ఒకసారి అరచేతిలో పట్టేంత కేబుల్ ముక్క తెచ్చి చూపించాడు. మధ్యలో రాగి తీగలు, చుట్టూ లేత కొబ్బరిలా తెల్లగా ఎక్స్‌ఎల్‌పీఈ అనే ప్లాస్టిక్ ఇన్సులేషన్. దాన్ని ఉల్లిపొరంత పల్చగా కోసి, నీలిరంగు పట్టించి, భూతద్దం కింద పెట్టాడు. తెలుపులో నీలంగా చిన్న పొద! కొమ్మలు, రెమ్మలు, అచ్చం కుండీలో తులసి మొక్క. దాన్ని వాటర్ ట్రీ అంటారట. ఏళ్ల తరబడి తడి ఒకవైపు, వోల్టేజీ ఒకవైపు పనిచేస్తుంటే ఇన్సులేషన్‌లో అలా మొలుస్తుంది. ‘సార్, ఈ కేబుల్‌కు మెగ్గర్ పెడితే రీడింగ్ బాగానే వచ్చింది’ అన్నాడు. మెగ్గర్ అంటే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటరు. చెట్టు ఇటు నుంచి అటు అంటుకునేదాకా మెగ్గర్‌కు తెలియకపోవచ్చు. అందుకే టాన్ డెల్టా కొలుస్తారు. మంచి ఇన్సులేషన్‌లో కరెంటు వోల్టేజీ కంటే 90 డిగ్రీలు ముందుండాలి. తడిసి చెడుతున్న కొద్దీ ఆ కోణం తగ్గుతుంది, ఆ తేడానే పట్టుకుంటారు. కిలోమీటరు కేబుల్‌ను మన కరెంటు ఫ్రీక్వెన్సీ అయిన 50 హెర్ట్జ్ దగ్గర పరీక్షించాలంటే లారీ మీద తెచ్చేంత పరికరం కావాలి. 0.1 హెర్ట్జ్ దగ్గరైతే ఛార్జింగ్ కరెంటు 500 రెట్లు తగ్గుతుంది కాబట్టి వ్యానులో పట్టే పెట్టె సరిపోతుంది. ఈ లెక్క మీ అమ్మాయి మూడో సంవత్సరంలోనే చదివి ఉంటుంది.

వానాకాలం రాత్రి మన వీధిలో రోడ్డు తవ్వి, గుంత మీద టార్పాలిన్ కట్టి, జాయింటర్ మంట పెట్టి స్లీవ్ బిగిస్తుంటాడు చూశారా? అది కేబుల్ పోయాక చేసే పని. మీ అమ్మాయిది పోకముందు చెప్పే పని. అణువిద్యుత్ కేంద్రంలో ఆ ‘ముందు’ విలువ ఎంతో వేరే చెప్పాలా?

ఇప్పుడు మీరు అడ్వాన్స్ కట్టిన కోర్సు. సబ్జెక్టు మంచిదే. నా అనుమానమంతా నాలుగు నెలల కోర్సు మీదే. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను: మెయిన్‌ఫ్రేమ్స్ అన్నారు, శాప్ అన్నారు, టెస్టింగ్ టూల్స్ అన్నారు, హడూప్ అన్నారు. బోర్డు మారుతుంది, మైత్రీవనం మెట్లు అవే. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ గట్టిగా వచ్చినవాళ్లు కోర్సు ఉన్నా లేకపోయినా నిలబడ్డారు. మిగతావాళ్లు ఒకే ప్రాజెక్టును పేరు మార్చి రెజ్యూమెలో పెట్టుకుని, ఏడాది తర్వాత నా దగ్గరకు వచ్చారు. వాళ్ల ముఖాలు చూడలేక బాధపడిన రోజులున్నాయి. ఫ్రెషర్లకు ఇచ్చే చిన్నాచితకా పని ఏఐ టూల్స్‌తో చేసేస్తున్న కాలంలో, ఇష్టం లేని పిల్లని ఆ మెట్లు ఎక్కించడం నాకు అస్సలు సమ్మతం కాదు. పైథాన్ నేర్చుకోవాలంటే తను సాయంత్రాలు నేర్చుకోవచ్చు. పదేళ్ల టాన్ డెల్టా రీడింగులు పక్కపక్కన పెట్టి ఏ కేబుల్ ఎప్పుడు మార్చాలో చెప్పడం కూడా డేటా పనే. పైగా కేబుల్ తెలిసినవాళ్ల చేతిలోనే అది పనికొస్తుంది.

ఒక మాట కఠినంగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. ఇరవై రెండేళ్ల ఇంజినీర్‌ని అడగకుండా ఆమె పేరు మీద ఫీజు ఎలా కట్టారండీ? నాలుగేళ్లు ఎలక్ట్రికల్ చదివించింది మీరే. ఆ చదువుకు తగిన పని ఆమె తనంతట తాను ఇంటర్వ్యూలో గెలుచుకుంది. ఆ రోజు ఇంట్లో స్వీట్ పంచారా? మీ ఉత్తరంలో అయితే ఆ ఊసే లేదు. కట్టిన అడ్వాన్స్ తిరిగి రాకపోతే పోనివ్వండి. ఆ డబ్బు కోసం ఆమె ఏడాదిని పోగొట్టకండి.

కష్టాలు లేవని చెప్పను. మన ప్లాంట్లలో ఇలాంటి టెస్టులు చాలావరకు షట్‌డౌన్‌లో పెట్టుకుంటారు. ఆ రోజుల్లో పగలూ రాత్రీ షిఫ్టులు. రాజస్థాన్‌లోని రావత్‌భాటా ఎండ, కర్ణాటకలోని కైగా వాన, గెస్ట్‌హౌస్ తిండి, నెలలో సగం ప్రయాణం. మొదటి జీతం మీ తోడల్లుడి కొడుకు జీతానికి దరిదాపుల్లో ఉండకపోవచ్చు. అయితే ఐదేళ్లకు కేబుల్ రీడింగ్ చూసి ‘దీన్ని నడపొచ్చు, దీన్ని ఆపండి’ అని సంతకం పెట్టగలిగే వాళ్లు తక్కువ. ఆ సంతకం చేయగల మనిషికి పనికి కొదవ ఉండదు.

పోలిక అడిగారు కాబట్టి మూడోది. ఎన్‌పీసీఐఎల్ మంచి ఉద్యోగమే, గేట్ స్కోరుతో ఇంటర్వ్యూకు పిలుస్తారు, జనరల్ అభ్యర్థులకు 26 ఏళ్ల వరకు అవకాశం. మీ అమ్మాయికి ఇంకా మూడు, నాలుగు ప్రయత్నాలున్నాయి. ఈ ఉద్యోగం చేస్తూ రాయొచ్చు, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత అనుభవం కూడా ఉంటుంది. మన ఊళ్లోనే చూసుకున్నా మేడిపల్లి దగ్గర కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ సీపీఆర్‌ఐ హైవోల్టేజ్ ల్యాబ్ ఉంది, అణుశక్తి విభాగం కింది ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ ఉన్నాయి. ఎప్పటికీ బయటి ఊళ్లే పట్టుకు తిరగాలనేమీ లేదు.

చేరేముందు తనతోనే కంపెనీకి ఫోన్ చేయించండి. మొదటి ఆరు నెలలు ఎవరి కింద పని, ఇన్సూరెన్స్ ఎంత, బాండ్ ఉందా, సైట్‌లో మహిళలకు బస, బాత్రూం ఏర్పాట్లు ఏమిటి, టీఎల్‌డీ లెక్కలు తనకు చూపిస్తారా... మీరు పక్కన కూర్చోండి, ఫోన్ మాత్రం లాక్కోవద్దు. జవాబులు మెయిల్‌లో రాయించుకోమనండి. బాండ్ పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే మాత్రం ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు.