సీరియళ్లలో పెళ్లి వద్దన్న అమ్మాయికి ఏదో లోపం ఉన్నట్టే ఎందుకు చూపిస్తారు?

విజయవాడలో మా ఇంట్లో రాత్రి సీరియల్ చూస్తున్నప్పుడు నన్నూ ఇదే బాధిస్తుంది. కథంతా పెళ్లి చుట్టూనే కాబట్టి, వద్దన్న అమ్మాయికి గతంలో గాయమో, పొగరో, రోగమో అంటగడతారు. తర్వాత హీరో వెంటపడి ఆమె మనసు మారుస్తాడు. స్త్రీవాదులు ఇక్కడ నిలదీసేది సమ్మతి గురించి: ఆమె కాదన్న మాటకు విలువేది? అలైంగికులు, అంటే లైంగిక ఆకర్షణ కలగనివారు లేదా అరుదుగా కలిగేవారు, ఇంకా మూలానికి వెళతారు: ఆ కోరిక అందరికీ ఉండి తీరాలా?

2012లో అమెరికన్ సీరియల్ ‘హౌస్’ ఒక అలైంగిక జంటను చూపించి, భర్తది కణితి వల్ల వచ్చిన జబ్బనీ, భార్యది అబద్ధమనీ తేల్చింది. అది ఘోరమైన అన్యాయం. అమెరికన్ యానిమేషన్ సీరియల్ ‘బోజాక్ హార్స్‌మన్’లో టాడ్ అనే పాత్ర తాను అలైంగికుడినని చెబితే ఎవరూ వైద్యం చేయించరు. అలైంగికుల్లో ప్రేమించేవారూ, పెళ్లాడేవారూ ఉన్నారు. వాళ్లను సన్యాసినులుగా చూపించినా తప్పే.